వేడి లేకుండా కాలం ఉంటుందా?

తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో సంస్కృతంలో ఒక చిన్న పుస్తకం రాశాడు. దాని పేరు తర్కసంగ్రహం. తర్కం చదవాలనుకునే విద్యార్థి ఏ ఊళ్లో ఉన్నా, ఈ నాటికీ ముందుగా తెరిచేది ఆ పుస్తకమే. లోకంలో మూలంగా ఉన్నవేమిటో అందులో ఒక జాబితా ఉంది. వైశేషికులనే ప్రాచీన తాత్త్వికుల కాలం నుంచి వస్తున్న జాబితా అది. భూమి, నీరు, తేజస్సు, గాలి, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు అని తొమ్మిది ద్రవ్యాలు. మూడోది తేజస్సు. తాకితే వేడిగా ఉండటం దాని గుణం. ఆరోది కాలం. అది ఒక్కటే, అంతటా వ్యాపించి ఉంటుంది, దానికి నాశనం లేదు. జరిగిపోయింది, జరుగుతోంది, జరగబోతోంది అని మనం మాట్లాడుకోగలగడానికి కారణం అదేనని అన్నంభట్టు తేల్చాడు.

ఈ వేళ ఆ రెండింటినీ, వేడినీ కాలాన్నీ, పక్కపక్కన పెట్టి ఆలోచిద్దాం. వాటిలో వేడి ఆ జాబితాలోంచి ఎప్పుడో తొలగిపోయింది. వేడి అనే పదార్థమేదీ విడిగా లేదని తేలింది. కాలం మీద విచారణ మాత్రం ఇంకా నడుస్తోంది. ప్రపంచానికి అడుగున ఉన్న పునాదుల్లో కాలం ఒకటా? లేక అంతకంటే లోతున ఉన్న మరేదో పైకి మనకు కాలంలా కనిపిస్తోందా? కాలాన్ని పునాదుల్లోంచి తప్పించాలని చూస్తున్నవాళ్లు ఇందుకు ఎంచుకున్న సాధనం, వేడిని గురించిన శాస్త్రమే. పాఠశాలలో ఉష్ణగతికశాస్త్రం అని మనం చదువుకున్నది అదే.

ముందు వేడి సంగతి చూద్దాం. యూరప్‌లోనూ దాన్ని పదార్థమనే అనుకున్నారు. లవోయిజర్ 1789లో ప్రచురించిన రసాయనశాస్త్ర గ్రంథంలో మూలపదార్థాల పట్టిక వేస్తూ ఆక్సిజన్, హైడ్రోజన్‌ల సరసన కెలోరిక్ అనే దాన్ని కూడా చేర్చాడు. వేడి వస్తువులోంచి చల్లని వస్తువులోకి పారే, బరువులేని ద్రవం అది. 1798లో రమ్‌ఫర్డ్ ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలను తొలిచే పనిని ఆయన పర్యవేక్షించేవాడు. మొద్దుబారిన బరమాతో లోహాన్ని రాపిడి చేయిస్తే చుట్టూ పోసిన నీళ్లు నిప్పు లేకుండానే మరిగాయి. రాపిడి సాగినంతసేపూ వేడి పుడుతూనే ఉంది, తరిగే సూచనే లేదు. లోహంలో దాగిన పదార్థమే అయితే ఎప్పటికో ఒకప్పటికి అయిపోవాలి కదా. తరువాతి యాభై ఏళ్లలో జూల్ వంటివారి కొలతలతో విషయం స్థిరపడింది. వేడి అంటే కంటికి కనిపించని అణువుల కదలిక.

ఒక్క అణువును వేరుచేసి దాని ఉష్ణోగ్రత ఎంత అని అడిగితే జవాబు ఉండదు. దానికి వేగం ఉంటుంది, ఉష్ణోగ్రత ఉండదు. లెక్కలేనన్ని అణువులు కలిసినప్పుడు వాటి సగటు అలజడిని ఉష్ణోగ్రత అంటున్నాం. అంతమాత్రాన వేడి భ్రమ కాదు. పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేడి నిజం, కాని మూలం కాదు. ఈ తేడాను చివరిదాకా గుర్తుపెట్టుకోమని శ్రోతలను కోరుతున్నాను. కాలం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ తేడాను వదిలేసి, కాలం ఒట్టి భ్రమ అని తేల్చేస్తున్నారు. భౌతికశాస్త్రం అలా చెప్పలేదు.

ఇక కాలం. 1687లో వచ్చిన ప్రిన్సిపియాలో న్యూటన్ కాలాన్ని నిరపేక్షమైనదిగా నిలబెట్టాడు. ఏ వస్తువుతోనూ సంబంధం లేకుండా, ఎవరు చూసినా చూడకపోయినా ఒకే తీరున సాగే కాలం అది. అన్నంభట్టు కాలానికీ దానికీ పెద్ద తేడా లేదు. అయితే న్యూటన్ సమీకరణాల్లోనే ఒక విచిత్రం ఉంది. వాటిలో కాలం ఉంది కాని, దానికి ముందు వెనుకలు లేవు. రాపిడి లేకుండా ఊగే లోలకాన్ని వీడియో తీసి, వెనక్కి నడిపి చూపిస్తే తేడా కనిపెట్టలేం. సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలను వెనక్కి తిప్పి చూపించినా, అదీ నియమానుసారంగానే ఉంటుంది. తరువాత వచ్చిన మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలూ ఐన్‌స్టీన్ సమీకరణాలూ ఈ విషయంలో న్యూటన్ దారినే నడిచాయి. కణాల స్థాయిలో చిన్న మినహాయింపు ఉంది. బి మేసాన్లు అనే కణాల్లో కాలాన్ని తిప్పితే నియమం కొద్దిగా మారుతుందని 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్ దగ్గర నేరుగా కొలిచారు. అయితే గ్లాసులో కాఫీ ఎందుకు చల్లారుతుందో ఆ మినహాయింపు చెప్పలేదు.

కాఫీ చల్లారే వీడియోను వెనక్కి నడిపితే పసిపిల్లలు కూడా పట్టేస్తారు. చల్లని కాఫీ తనంతట తానే గదిలోని వేడిని పోగుచేసుకుని పొగలు కక్కడం ఎవరూ చూడలేదు. భౌతికశాస్త్రం మొత్తంలో నిన్నకూ రేపటికీ స్పష్టమైన తేడా చూపే పెద్ద నియమం ఒక్కటే. వేడి తనంతట తాను చల్లని వస్తువులోంచి వేడి వస్తువులోకి వెళ్లదు. 1865లో క్లాసియస్ దానికి ఒక కొలత ఇచ్చి ఎంట్రోపీ అని పేరు పెట్టాడు. బయటితో సంబంధం లేని ఏ వ్యవస్థలోనైనా ఎంట్రోపీ పెరుగుతుంది, లేదా అలాగే ఉంటుంది. తగ్గదు.

ఎందుకు తగ్గదో వివరించడానికి తన జీవితమంతా వెచ్చించినవాడు వియన్నాకు చెందిన లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్. ఆయన కాలంలో అణువులు ఉన్నాయనే చాలామంది నమ్మలేదు. ఆయన చెప్పిన కారణం లెక్కపెట్టడానికి సంబంధించినది. వంద నాణేలు ఎగరేశారనుకోండి. అన్నీ బొమ్మ పడే తీరు ఒక్కటే ఉంది. సరిగ్గా సగం బొమ్మ, సగం బొరుసు పడే తీరులు ఎన్ని? 1 తర్వాత 29 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు కొంచెం ఎక్కువే. అందుకని నాణేలను కలియబెడుతూ పోతే అవి సగం సగం వైపుకు చేరతాయి తప్ప, అన్నీ బొమ్మ వైపుకు చేరవు. వాటిని అటు నెట్టే బలమేదీ లేదు. అటువైపు తీరులు ఎక్కువ ఉన్నాయి, అంతే. వంద నాణేలకే ఇలా ఉంటే, ఒక గ్లాసు నీళ్లలో అణువుల సంఖ్యను 1 తర్వాత 24 సున్నాల వరకు పెట్టి చెప్పాలి. అక్కడ సంభావ్యత కాస్తా నియమంలా పనిచేస్తుంది. ఒక స్థూలస్థితి వెనుక ఎన్ని సూక్ష్మమైన అమరికలు దాగి ఉన్నాయో, ఆ సంఖ్యను బట్టి ఎంట్రోపీ ఉంటుంది. వియన్నాలో బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద ఆ సూత్రాన్నే చెక్కారు.

దీని మీద మొదటి పెద్ద అభ్యంతరం బోల్ట్‌జ్‌మన్ ఆత్మీయుడు, పెద్దాయన లోష్మిట్ నుంచే 1876లో వచ్చింది. అణువులు పాటించే నియమాలకు ముందు వెనుకలు లేవు కదా, అన్ని అణువుల వేగాలనూ ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఎంట్రోపీ తగ్గాలి కదా అన్నాడు. బోల్ట్‌జ్‌మన్ ఒప్పుకున్నాడు. తగ్గవచ్చు, అయితే అలాంటి అమరికలు అన్నింటితో పోలిస్తే లెక్కకు రానంత తక్కువ అన్నాడు. ఆ జవాబు సరైనదే. కాని అక్కడ ఇంకా లోతైన చిక్కు ఒకటి ఉంది. ఈ లెక్కను రేపటికి వాడినట్టే నిన్నటికీ వాడవచ్చు. గోరువెచ్చని కాఫీ ఇప్పుడు నా ముందు ఉందనుకోండి. తీరుల లెక్క ఒక్కటే చూస్తే, అది కొంతసేపటికి ఇంకా చల్లారుతుందని చెప్పినట్టే, కొంతసేపటి క్రితం కూడా ఇప్పటికంటే చల్లగా ఉండేదని చెప్పాల్సి వస్తుంది! అది అబద్ధమని మనకు తెలుసు. ఎందుకంటే అది మరిగే నీళ్లతో కాచిన కాఫీ. అంటే లెక్కకు తోడు ఇంకొక విషయం కావాలి. గతంలో ఎంట్రోపీ తక్కువగా ఉండేదనే నిజం. కాఫీ వేడి గ్యాస్ నుంచి వచ్చింది. గ్యాస్‌లోని శక్తి కోట్ల ఏళ్ల నాటి జీవరాశి నుంచి, దానికి సూర్యకాంతి నుంచి వచ్చింది. ఇలా తవ్వుకుంటూ పోతే సుమారు 1380 కోట్ల ఏళ్ల క్రితం, విశ్వం మొదట్లో, ఎంట్రోపీ ఆశ్చర్యపోయేంత తక్కువగా ఉండాలన్న దగ్గరికి చేరతాం. తత్త్వశాస్త్రవేత్త డేవిడ్ ఆల్బర్ట్ దీన్ని గతాన్ని గురించిన ప్రతిపాదనగా పేర్కొన్నాడు. అలాంటి మొదలు యాదృచ్ఛికంగా దొరికే అవకాశం ఎంతో రోజర్ పెన్‌రోజ్ అంచనా వేశాడు. ఆ అవకాశం అంత పెద్ద సంఖ్యలో ఒక వంతు. ఆ సంఖ్యను రాయాలంటే 1 తర్వాత పెట్టాల్సిన సున్నాల లెక్కే, 1 పక్కన 123 సున్నాలు పెట్టినంత ఉంటుంది.

ఆ తొలినాటి పొదుపునే మనం ఈ నాటికీ ఖర్చుపెట్టుకుంటున్నాం. సూర్యుడి నుంచి భూమికి వచ్చే ఒక్కొక్క కాంతికణానికి బదులుగా భూమి సుమారు ఇరవై కాంతికణాలను ఆకాశంలోకి వదులుతుంది. వచ్చిన శక్తీ పోయిన శక్తీ సమానమే. వచ్చేటప్పుడు పొందికగా వస్తుంది, పోయేటప్పుడు చెదిరి పోతుంది. ఆ తేడా మీదనే చేలో వరి పండుతోంది, మనం బతుకుతున్నాం. మన జ్ఞాపకం కూడా దాని మీదనే నిలిచింది. కడప జిల్లా కలమళ్లలో దొరికిన శాసనాన్ని తెలుగులో మనకు తెలిసిన తొలి శాసనాల్లో ఒకటిగా చెబుతారు. ఆరో శతాబ్దంలో ఉలి దెబ్బకు రాతి పొడి రాలింది, రాయి కొంచెం వేడెక్కింది, ఆ వేడి గాలిలో కలిసిపోయింది. వెనక్కి రాని ఆ నష్టం వల్లనే అక్షరం నిలిచింది. ఏ గుర్తయినా, పాదముద్ర కానివ్వండి, మెదడులో నాటుకున్న జ్ఞాపకం కానివ్వండి, ఎక్కడో ఎంట్రోపీ పెరిగితే తప్ప మిగలదు. గతం గుర్తుండి భవిష్యత్తు గుర్తుండకపోవడానికి కారణం ఇదే. కాలానికి దిశ వేడి వల్ల వచ్చిందన్న మాటను ఇక్కడిదాకా నేను సందేహం లేకుండా ఒప్పుకుంటాను.

అయితే దిశ వేరు, కాలం వేరు. చాలామంది చర్చను ఇక్కడే ముగించి, కాలం ఉష్ణగతికం నుంచే పుట్టిందని ప్రకటిస్తారు. బోల్ట్‌జ్‌మన్ అలా అనలేదు. తన జీవితం చివరి భాగంలో ఆయన ఒక పోలిక చెప్పాడు. విశ్వంలో పైకి, కిందికి అనే దిశలు లేవు. భూమి మీద నిలబడ్డాం కాబట్టి దాని కేంద్రం వైపు కింద, అటునుంచి అవతలి వైపు పైన అంటున్నాం. హైదరాబాద్‌లో ఉన్న అమ్మ పైకి చూపే వేలూ, అమెరికాలో ఉన్న కొడుకు పైకి చూపే వేలూ ఒకే దిక్కు చూపవు. అలాగే ఎంట్రోపీ ఎటు పెరుగుతుందో అటు భవిష్యత్తు అంటున్నామని ఆయన భావం. చక్కటి ఆలోచన. కాని దాన్ని చివరిదాకా తీసుకెళ్లాలి. భూమి ఆకర్షణ మనకు పైనా కిందా ఇచ్చింది. స్థలాన్ని ఇవ్వలేదు. స్థలం ముందే ఉంది. అలాగే ఎంట్రోపీ ముందు వెనుకలు ఇచ్చింది కాని, ఏది ముందు, ఏది వెనుక అని అడగడానికి కావలసిన కాలం ముందే ఉన్నట్టే కదా?

అసలైన అభ్యంతరం ఇది. ఎంట్రోపీ పెరుగుతుంది అంటేనే ఒక క్షణంలో ఇంత, ఇంకో క్షణంలో అంత అని అర్థం. ప్రక్రియ అన్నామంటే కాలం ఉందని ఒప్పుకున్నట్టే. ప్రక్రియల నుంచి కాలాన్ని పుట్టించడమంటే, పుట్టాల్సిన బిడ్డనే తల్లికి పురుడు పోయమన్నట్టు ఉంటుంది. ఈ చిక్కును దాటకుండా, కాలం వేడి నుంచి వచ్చిందని ఎన్నిసార్లు చెప్పినా ఉపయోగం లేదు.

దాటే ప్రయత్నం ఎక్కడి నుంచి మొదలైందో చెప్పాలంటే ముందు ఐన్‌స్టీన్ దగ్గరికి వెళ్లాలి. కాలం ఒక్కటే అన్న మాట ఆయన చేతిలోనే పోయింది. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీసియం గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని భూమి చుట్టూ తిరిగారు. నేల మీది గడియారంతో పోలిస్తే తూర్పుకు వెళ్లినవి సుమారు 59 నానోసెకండ్లు వెనకబడ్డాయి, పడమటికి వెళ్లినవి సుమారు 273 నానోసెకండ్లు ముందుకు పోయాయి. నానోసెకండ్ అంటే సెకండులో వంద కోట్లవ వంతు. వేగాన్ని బట్టి, ఎత్తును బట్టి కాలం మారుతుంది. ఎత్తున ఉన్న గడియారం త్వరగా నడుస్తుంది. 2022 నాటికి అమెరికాలోని బౌల్డర్‌లో స్ట్రాన్షియం గడియారంతో ఒక మిల్లీమీటరు ఎత్తులో వచ్చే తేడాను కూడా కొలిచారు. మీ తలకూ మీ పాదానికీ ఒకే కాలం లేదు. అందుకని కాలం పునాదిలో ఉందనేవాళ్లు ముందుగా ఏ కాలం అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. లోకమంతటికీ ఒకటే అయిన కాలం ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు.

ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్నీ క్వాంటం సిద్ధాంతాన్నీ కలపబోతే పరిస్థితి ఇంకా ముదిరింది. 1967లో బ్రైస్ డెవిట్ ప్రచురించిన సమీకరణం మొత్తం విశ్వాన్ని వర్ణించాలని ఉద్దేశించినది. వీలర్, డెవిట్ సమీకరణమని దానికి పేరు. అందులో కాలమనే చరరాశి లేనేలేదు. అది ఆఖరి సత్యమని ఎవరూ నిరూపించలేదు. కాని ఆ దిశగా సాగిన చాలా దారుల్లో కాలం ఇలాగే జారిపోతోంది. సమీకరణంలో లేని కాలం మన చేతి గడియారంలోకి ఎలా వచ్చిందో చెప్పాల్సిన బాధ్యత అప్పుడు మొదలైంది.

1994లో ఇద్దరు కలిసి ఒక పత్రం రాశారు. ఒకరు ఫ్రెంచి గణితజ్ఞుడు అలాన్ కాన్, 1982లో ఫీల్డ్స్ పతకం పొందినవాడు. రెండోవారు ఇటలీకి చెందిన భౌతికశాస్త్రవేత్త కార్లో రొవెల్లీ. వాళ్ల ప్రతిపాదనను ఉష్ణకాలం అనవచ్చు. నాకు తెలిసినంతలో, ఇందాకటి చిక్కును తప్పించుకోకుండా నేరుగా ఎదుర్కొన్న ప్రయత్నం ఇదే. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం.

పాఠ్యపుస్తకం ఏం చేస్తుంది? ముందు కాలాన్ని ఇస్తుంది. ఆ కాలంలో వ్యవస్థ ఎలా మారుతుందో నియమం ఇస్తుంది. చాలాసేపు వదిలేస్తే ఎక్కడికి చేరి కుదుటపడుతుందో లెక్కకట్టమంటుంది. ఆ కుదుటపడ్డ స్థితిని సమతాస్థితి అంటాం. మూత వేసిన పాత్రలో నీళ్లు అంతటా ఒకే వేడికి వచ్చాక ఉండే స్థితి అలాంటిది. కాన్, రొవెల్లీ ఈ వరుసను తలకిందులు చేశారు. కాలం మన దగ్గర లేదు. ఉన్నది స్థితి. అంటే ప్రపంచం గురించి పైపైన తెలిసిన వివరాలతో, లోపలి అణువణువూ తెలియకుండా, మనం చెప్పగలిగిన స్థూలమైన వర్ణన. అప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్న ఇది. ఏ ప్రవాహంలో పెడితే ఈ స్థితి సమతాస్థితిగా నిలుస్తుంది? ఆ ప్రవాహానికే కాలమని పేరు పెట్టండి అన్నారు. చూడండి, వాళ్లు ప్రక్రియతో మొదలుపెట్టలేదు. స్థితితో మొదలుపెట్టారు. స్థితిని చెప్పడానికి కాలం అక్కర్లేదు. పురుటి చిక్కు అక్కడ తెగింది.

స్థితి ఇస్తే ప్రవాహం దానంతట అది వస్తుందా? క్వాంటం ప్రపంచంలో వస్తుందని చెప్పే గణితం అప్పటికే సిద్ధంగా ఉంది. చిన్నతనంలోనే వినికిడి కోల్పోయిన జపాన్ గణితజ్ఞుడు మినోరు టొమిటా 1967లో దాన్ని కనిపెట్టాడు. తోటి గణితజ్ఞుడు తకెసాకి 1970లో దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా రాశాడు. దాని మూలం క్వాంటం సిద్ధాంతపు అతి ముఖ్యమైన లక్షణంలో ఉంది. ఒక కణం ఎక్కడుందో కొలిచి తరువాత దాని వేగం కొలిస్తే ఒక ఫలితం. ముందు వేగం కొలిచి తరువాత స్థానం కొలిస్తే మరో ఫలితం. మన రోజువారీ సంఖ్యల్లో మూడు ఐదులైనా ఐదు మూడులైనా పదిహేనే. క్వాంటం రాశుల్లో అలా కాదు, వరుస మారితే ఫలితం మారుతుంది. ఈ వరుస పట్టింపు ఉన్నచోట, ఒక స్థితి నుంచి ఒక ప్రవాహం తప్పనిసరిగా పుడుతుందని టొమిటా చూపించాడు. అంతేకాదు, స్థితిని మార్చినా ఆ ప్రవాహం ముఖ్యమైన విషయంలో మారదని కాన్ తన యవ్వనంలో నిరూపించాడు. ఇరవయ్యేళ్ల తరువాత రొవెల్లీతో కలిసి దాన్ని కాలమని గుర్తించాడు.

ఇది ఒట్టి గణితమేనా, లేక లోకంతో దీనికి సంబంధం ఉందా? విశ్వమంతా నిండిన తొలినాటి వేడి తాలూకు కిరణాలు ఈ నాటికీ సుమారు 2.7 కెల్విన్ ఉష్ణోగ్రతలో మనకు అందుతున్నాయి. అలాంటి కిరణాలతో నిండిన విశ్వానికి ఈ లెక్క వేస్తే వచ్చే ఉష్ణకాలం, విశ్వం వయసు చెప్పడానికి ఖగోళశాస్త్రవేత్తలు వాడే కాలంతో సరిపోతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. 1930లో రిచర్డ్ టోల్మన్, పాల్ ఎహ్రన్‌ఫెస్ట్ ఒక సంగతి చూపించారు. గురుత్వాకర్షణ ఉన్నచోట పూర్తిగా కుదుటపడ్డ వస్తువులో కూడా ఉష్ణోగ్రత అంతటా ఒకేలా ఉండదు. కింద కాస్త ఎక్కువ ఉంటుంది, పైన కాస్త తక్కువ ఉంటుంది. భూమి మీద ఒక మీటరు ఎత్తుకు ఆ తేడా, 1 తర్వాత 16 సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఒక వంతు. ఇందాక విన్న గడియారాల సంగతి గుర్తుచేసుకోండి. కింద గడియారం నెమ్మదిగా నడుస్తుంది. ఎంత నెమ్మది? సరిగ్గా అదే వంతు. వేడి ఎంత పెరిగితే గడియారం అంత తగ్గింది. ఉష్ణకాలం లెక్కలో ఇది ఆశ్చర్యం కాదు. ఉష్ణోగ్రత అంటేనే, మన గడియారం ఒక సెకండు నడిచేలోపు ఉష్ణకాలం ఎంత నడిచిందో చెప్పే కొలత. 2011లో రొవెల్లీ, స్మెర్లాక్ ఈ విషయాన్నే అలా వివరించారు. పొయ్యి వేడికీ గోడ గడియారానికీ ఇలాంటి బంధుత్వం ఉంటుందని ముందు ఎవరు అనుకున్నారు?

ఇంత అందమైన ఆలోచనకూ నేను పూర్తిగా తలూపలేను. కారణాలు చెబుతాను. ఆ స్థూలమైన వర్ణన ఎవరిది? అణువణువూ తెలిసిన వాడొకడుంటే అతనికి ఉష్ణకాలం ఉండదా? మన తెలియనితనం మీద కాలం ఆధారపడిందంటే, మనుషులు పుట్టకముందు కొండలు అరగలేదా? అరిగాయి. ఒక భౌతికవ్యవస్థ మరొకదానితో కొన్ని లక్షణాల ద్వారా మాత్రమే కలుస్తుందనీ, తక్కినవి దానికి అందవనీ, తెలియనితనం అంటే అదేననీ, మనిషి మనసుతో దానికి పనిలేదనీ రొవెల్లీ జవాబు చెప్పాడు. ఆ జవాబు కొంతవరకు నిలుస్తుంది. ఇంకా బరువైన ఇబ్బంది వేరే ఉంది. సమతాస్థితిలో ఏదీ జరగదు. అక్కడ ఎంట్రోపీ పెరగడం ఆగిపోయింది. కాబట్టి ఉష్ణకాలానికి ప్రవాహం ఉంది కాని, ముందు వెనుకలు లేవు. బోల్ట్‌జ్‌మన్ దగ్గర ముందు వెనుకలు ఉన్నాయి కాని, ప్రవాహం అరువు తెచ్చుకున్నది. కాలం తాలూకు రెండు సగాలూ వేడి దగ్గరే దొరికాయి. ఆ రెంటినీ కలిపి ఒకే కాలంగా కుట్టి చూపించినవాళ్లు లేరు. నిన్న చనిపోయిన మనిషి రేపు లేచి రాడు అన్న కాలమూ, కొండ కింద గడియారం నెమ్మదిస్తుందన్న కాలమూ ఒక్కటే అని తేలేవరకు ఈ విచారణ ముగిసినట్టు కాదు.

కాలం అసలు పుట్టలేదు, అదే అన్నిటికంటే మూలమని గట్టిగా వాదించేవాళ్లూ ఉన్నారు. గురుత్వాకర్షణనూ క్వాంటం సిద్ధాంతాన్నీ కలపబోయే దారుల్లో ఒకటైన లూప్ క్వాంటం గ్రావిటీ సిద్ధాంతానికి రొవెల్లీతో కలిసి పునాది వేసిన లీ స్మోలిన్ 2013లో ఒక పుస్తకమే రాశాడు. స్థలమైనా పుట్టి ఉండవచ్చు కాని కాలం మాత్రం నిజమేనని ఆయన పట్టు. పక్కపక్కన కూర్చుని ఒకే సమీకరణాలు రాసిన ఇద్దరు స్నేహితులు కాలం దగ్గరికి వచ్చేసరికి చెరో ఒడ్డున నిలబడ్డారు. 1977లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన ఇల్యా ప్రిగోజిన్ కూడా, వెనక్కి తిరగకపోవడమన్నది మన లెక్కల సౌకర్యం కాదని, అది ప్రకృతి మూలంలోనే ఉందని చివరిదాకా పోరాడాడు.

నా అభిప్రాయం ఇది. న్యూటన్ చెప్పిన ప్రవాహం మూలం కాదు. అన్నంభట్టు చెప్పిన ఏకత్వం నిలవలేదు. నిన్నకూ రేపటికీ ఉన్న తేడా వేడి ఇచ్చిందే. అయితే ఉష్ణకాలం కూడా శూన్యంలోంచి కాలాన్ని తీయలేదు. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్న వరుసను అది క్వాంటం గణితం నుంచి తీసుకుంది. వరుస మారితే ఫలితం మారుతుందన్న ఆ ఒక్క పట్టింపును తీసేస్తే, టొమిటా ప్రవాహం కదలకుండా ఆగిపోతుంది. గణితంలో వరుస వేరు, కాలంలో వరుస వేరు అని ఒక విమర్శకుడు అనవచ్చు. అది న్యాయమైన మాటే. అయినా వరుస లేని చోటునుంచి కాలాన్ని తెచ్చిన సిద్ధాంతం నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ కొద్దిపాటి వరుసే అడుగున మిగిలిందని, దాని మీద వేడి మనం బతికే కాలాన్ని కట్టిందని నేను అనుకుంటున్నాను.

ఈ ప్రశ్న ఇప్పుడు తత్త్వవేత్తల చేతుల్లోంచి ప్రయోగశాలలోకి కూడా వచ్చింది. గడియారం టిక్కుమన్న ప్రతిసారీ వెనక్కి రాని ఒక మార్పు జరగాలి. లేకపోతే అది ముందుకూ వెనక్కూ ఊగే లోలకమే తప్ప గడియారం కాదు. అంటే ఏ గడియారమైనా కొంత వేడిని వదలాల్సిందే. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో భారత ప్రామాణిక సమయాన్ని కాపాడే సీసియం గడియారాలకూ ఇది తప్పదు. 2021లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన నటాలియా ఆరెస్ బృందం 50 నానోమీటర్ల మందం ఉన్న సన్నని పొరను గడియారంగా మార్చి చూసింది. పొరకు ఎక్కువ వేడిని అందించేకొద్దీ, అంటే ఎంట్రోపీ ఎక్కువ పుట్టేకొద్దీ, దాని టిక్కులు మరింత సమంగా వచ్చాయి. కచ్చితత్వానికి ఎంట్రోపీ రూపంలో ధర చెల్లించాలన్నమాట. ఆ ధర ఎప్పుడూ అదే నిష్పత్తిలో ఉండాలా? అక్కర్లేదని 2025లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం, స్వీడన్‌లోని చాల్మర్స్ పరిశోధకులు కలిసి లెక్కకట్టారు. క్వాంటం కణం లోపల వెదజల్లుకోకుండా ప్రయాణించి, చివర్లో మాత్రమే ఒక గుర్తు వదిలేలా గడియారాన్ని అమర్చితే, ఎంట్రోపీని కొద్దిగానే పెంచి కచ్చితత్వాన్ని ఎన్నో రెట్లు పెంచవచ్చని వాళ్ల ఫలితం. అటువంటి గడియారాన్ని కట్టి చూస్తే, కాలంలో వేడికి చెందిన భాగమెంతో, చెందని భాగమెంతో మొదటిసారి అంకెల్లో విడదీసి చూసే వీలు కలుగుతుంది.